ఆటగాని దేహములో ఆమ్లజని – ఒక వాదముపై విమర్శ

నీటిలో 3.8 కిలోమీటర్ల ఈత. ఒడ్డెక్కగనే 180 కిలోమీటర్ల సైకిలు ప్రయాణము. సైకిలు దిగగనే 42.2 కిలోమీటర్ల పరుగు. ఈ మూడింటిని ఒకే దినమున, నడుమ విశ్రాంతి లేకుండ ముగించువారు ఉన్నారు. ఈ పందెమునకు ఐరన్‌మాన్ అని పేరు. ఆరితేరిన వారికి సైతము దీనిని ముగించుటకు సుమారు ఎనిమిది గంటలు పట్టును. తక్కినవారిలో పలువురికి పగలంతయు చాలదు. అంతసేపు గుండెయు, ఊపిరితిత్తులును, కండరములును విరామము లేక శ్రమించిన పిమ్మట దేహములో కలుగు మార్పులేవి? అలసట, చెమట, కండరముల నొప్పి – ఇవి ఆటగానికి తెలియునవి. అతనికి తెలియని మార్పు మరియొకటి కలదు. దానిని శాస్త్రజ్ఞులు ‘ఆక్సీకరణ ఒత్తిడి’ అందురు.

ఈ ఒత్తిడిని గురించి మిక్కిలి వ్యాప్తిలోనున్న వాదము ఒకటి కలదు. పోటీ తీవ్రమైన కొలది దేహము ఎక్కువ ఆమ్లజనిని వాడును. ఆమ్లజని వాడకము పెరిగిన కొలది స్వేచ్ఛా రాడికల్సు అను పదార్థములు ఎక్కువగా పుట్టును. అవి కణములను చెరచును. కనుక ఆటగాడు వాటిని అణచు విటమిను బిళ్ళలను విరివిగా మ్రింగవలెను – ఇదియే ఆ వాదము. వినుటకిది సాఫీగా ఉన్నది. ఒక మెట్టుపై నొక మెట్టు చక్కగా పేర్చినట్లున్నది. వ్యాయామశాలలలోను, బిళ్ళల ప్రకటనలలోను ఇది తరచుగా వినిపించును. ఆటల పోటీలకు బాలబాలికలను సిద్ధముచేయు ఉపాధ్యాయులకును, ఆ పోటీలలో పాల్గొను విద్యార్థులకును ఇది నేరుగా సంబంధించిన విషయము. కావున ఈ వాదమునకు గల సాక్ష్యములేవి, అవి ఎంతవరకు నిలుచును అను సంగతిని మెట్టు మెట్టుగా పరీక్షింపవలసి యున్నది.

స్వేచ్ఛా రాడికల్ అన నేమి?

కండరము పనిచేయుటకు శక్తి కావలెను. ఆ శక్తిని అందించునది ఎ.టి.పి. అను పదార్థము. దీనిని 1929లో జర్మనీలో కార్ల్ లోమన్, అమెరికాలో హార్వర్డు వైద్య విద్యాలయమునందు సైరస్ ఫిస్కే, మన యల్లాప్రగడ సుబ్బారావు వేర్వేరుగా కనుగొనిరి. నిలువయున్న ఎ.టి.పి. కొద్ది క్షణములకు మాత్రమే సరిపోవును. తరువాత దానిని ఎప్పటికప్పుడు తయారుచేసికొనుచుండవలెను. ఎక్కువసేపు సాగు పరుగులో ఈ పనిలో అధికభాగము కణములలోని మైటోకాండ్రియా అను సూక్ష్మ భాగములలో జరుగును. ఆహారమునుండి వచ్చిన ఎలక్ట్రానులు అచ్చట ఒక మజిలీనుండి మరియొక మజిలీకి చేరుచు, తుదకు ఆమ్లజనితో కలియును. నాలుగు ఎలక్ట్రానులు సక్రమముగా చేరినచో ఆమ్లజని అణువు నీరుగా మారును. ఇందులో ప్రమాదమేమియు లేదు.

అప్పుడప్పుడు ఒక్క ఎలక్ట్రాను మాత్రము దారితప్పి ఆమ్లజనికి అంటుకొనును. అప్పుడు ఏర్పడునది సూపరాక్సైడు. సాధారణముగా అణువులలోని ఎలక్ట్రానులు జంటలుగా ఉండును. సూపరాక్సైడులో జంటలేని ఎలక్ట్రాను ఒకటి మిగిలియుండును. ఇట్లు జంటలేని ఎలక్ట్రాను గలిగి, విడిగా నిలువగల అణువునే స్వేచ్ఛా రాడికల్ అందురు. సూపరాక్సైడునుండి హైడ్రోజన్ పెరాక్సైడు పుట్టును. ఇది రాడికల్ కాదు. కాని ఇనుపధాతువు తగిలినచో దీనినుండి హైడ్రాక్సిల్ అను అతి తీవ్రమైన రాడికల్ వెలువడును. అది ఎదురైన క్రొవ్వునో, మాంసకృత్తునో, కణకేంద్రములోని డి.ఎన్.ఎ.నో తాకి మార్చివేయును.

దేహము దీనికి ఎదురుచూచుచు చేతులు ముడుచుకొని కూర్చుండదు. సూపరాక్సైడును తొలగించు ఎంజైమును 1969లో జో మెక్‌కార్డ్, ఇర్విన్ ఫ్రిడోవిచ్ అను శాస్త్రజ్ఞులు వెల్లడించిరి. దానికి సూపరాక్సైడు డిస్మ్యుటేజు అని పేరు. హైడ్రోజన్ పెరాక్సైడును కెటలేజు, గ్లూటథయోన్ పెరాక్సిడేజు అను ఎంజైములు విరుచును. కణపు పొరలలోని క్రొవ్వును విటమిను-ఇ కాపాడును. నీటిలో కరిగియుండు విటమిను-సి దానికి తోడ్పడును. వీటిని ఆక్సీకరణ నిరోధకములు అందురు. పుట్టునవి ఎక్కువై, అణచునవి చాలనపుడు త్రాసు ఒకవైపునకు ఒరుగును. ఆ ఒరుగుటకే 1985లో హెల్ముట్ సీస్ ‘ఆక్సీకరణ ఒత్తిడి’ అను పేరును స్థిరపరచెను.

ఈ శాస్త్రము పుట్టిన విధము కూడ గమనింపదగినది. 1954లో రెబెకా గెర్ష్‌మన్, ఆమె సహచరులు ఆమ్లజని అధికమైనపుడు కలుగు హానికిని, ఎక్సు కిరణములవలన కలుగు హానికిని మూలము ఒక్కటే కావచ్చునని సూచించిరి. 1956లో డెన్‌హామ్ హార్మన్ ముసలితనమునకు స్వేచ్ఛా రాడికల్సే కారణమను సిద్ధాంతమును ప్రతిపాదించెను. అనగా రాడికల్ మొదటినుండియు విషమును, వార్ధక్యమును వెంటబెట్టుకొనియే శాస్త్రములో అడుగుపెట్టినది. ఆ తొలిముద్ర తరువాతివారి చూపును కొంతవరకు బంధించినది.

మొదటి మెట్టు: శ్రమతో రాడికల్సు పెరుగునా?

పెరుగును. ఇందులో వాదమునకు బలమైన ఆధారమే కలదు. 1978లో అమెరికాలో డిల్లర్డు, టాపెల్ మొదలగువారు సైకిలు త్రొక్కుచున్న మనుష్యుల ఊపిరిని పరీక్షించి, అందులో పెంటేన్ అను వాయువు పెరిగినట్లు చూపిరి. కణపు పొరలలోని క్రొవ్వు ఆక్సీకరణము చెందినపుడు ఈ వాయువు వెలువడును. 1982లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున కెల్విన్ డేవిస్, క్వింటనీల్హా, బ్రూక్స్, పాకర్ అనువారు మరియొక అడుగు ముందుకు వేసిరి. వారు ఎలుకలను అలసి సొలయువరకు పరుగెత్తించి, వాటి కండరములలోను కాలేయములోను రాడికల్సును నేరుగా కొలిచిరి. అవి రెండు మూడు రెట్లు పెరిగియుండెను. విటమిను-ఇ లేని ఆహారము తిన్న ఎలుకల ఓర్పు సుమారు 40 శాతము తగ్గియుండెను. ఊహను ప్రయోగముతో నిలబెట్టిన పరిశోధన యిది. దీని విలువ నేటికిని తరుగలేదు.

ఐతే ఈ ఫలితములనుండి పలువురు చేసిన లెక్క వేరు. మైటోకాండ్రియా వాడు ఆమ్లజనిలో నూటికి రెండునుండి అయిదు పాళ్ళు సూపరాక్సైడుగా మారునని ఒక అంకె గ్రంథములలో చేరినది. విశ్రాంతిగా ఉన్న మనుష్యుడు నిమిషమునకు సుమారు పావు లీటరు ఆమ్లజనిని వాడును. సుశిక్షితుడైన పరుగుగాడు అయిదు లీటర్లవరకు వాడగలడు. అనగా ఇరువది రెట్లు. కాబట్టి రాడికల్సును ఇరువది రెట్లు పెరుగునని లెక్కగట్టిరి. గుణకారములో తప్పు లేదు. గుణించిన అంకెలోనే తప్పు ఉన్నది.

ఆ అంకె 1970 దశకములో కణములనుండి వేరుచేసిన మైటోకాండ్రియాపై జరిగిన ప్రయోగములనుండి వచ్చినది. ఆ ప్రయోగ పాత్రలోని ఆమ్లజని జీవించియున్న కండరములో ఉండుదానికంటె చాల హెచ్చు. అంతేకాదు, ఆ మైటోకాండ్రియా అప్పుడు పనిచేయుచుండలేదు. 2002లో సెయింట్-పియర్, బ్రాండ్ మొదలగువారు దేహస్థితికి దగ్గరైన పరిస్థితులలో కొలువగా, ఆ పాలు నూటికి సుమారు 0.15 మించదని తేలెను.

పనిచేయు మైటోకాండ్రియాలో రాడికల్సు తగ్గుటకు కారణము సులభముగా గ్రహింపవచ్చును. తూము మూసియున్నపుడు కాలువలో నీరు నిండి గట్టును ఒరయును. సందు దొరికిన చోటనెల్ల ఊరును. తూము ఎత్తి నీటిని పొలమునకు వదలినపుడు కాలువలో ప్రవాహము ఎక్కువ. గట్టుపై ఒరిపిడి తక్కువ. మైటోకాండ్రియాలోని ఎలక్ట్రానుల నడకయు ఇట్టిదే. ఎ.టి.పి. ఖర్చగుచున్నపుడు ఎలక్ట్రానులు చకచక సాగి ఆమ్లజనిని చేరును, దారితప్పునవి తగ్గును. విశ్రాంతిలో అవి నిలిచి, దారితప్పుటకు వీలు కలుగును. కనుక ‘ఇరువది రెట్ల ఆమ్లజని, ఇరువది రెట్ల రాడికల్సు’ అను సూత్రము నిలువదు. కండరము ముడుచుకొనునపుడు కొలిచిన పెరుగుదల రెండునుండి నాలుగు రెట్లవరకు మాత్రమే.

మరి ఆ పెరిగినవి ఎక్కడివి? కండర కణపు పొరలలో ఎన్.ఎ.డి.పి.హెచ్. ఆక్సిడేజు అను ఎంజైము కలదు. కండరము ముడుచుకొనునపుడు ఇది సూపరాక్సైడును పుట్టించును. ఇది దారితప్పిన ఎలక్ట్రానువలన కలిగిన పొరపాటు కాదు. ఆ ఎంజైము చేయవలసిన పనియే అది. దెబ్బతిన్న కండరమును చేరు తెల్ల రక్తకణములు కూడ ఇట్టి ఎంజైముతోనే రాడికల్సును తయారుచేసి సూక్ష్మజీవులను చంపును. దేహము కోరి తయారుచేసికొను వస్తువును కేవలము విషమని పిలుచుట ఎంతవరకు సబబు? మొదటి మెట్టు పూర్తికాకమునుపే రెండవ మెట్టుకు కదలిక వచ్చినది.

కొలుచుటలోని చిక్కులు

రెండవ మెట్టును పరీక్షించుటకు ముందు కొలతలను గురించి ఒక మాట చెప్పవలెను. స్వేచ్ఛా రాడికల్ ఆయువు అత్యల్పము. పందెము ముగిసిన ఆటగాని కండరములో దానిని పట్టి చూచుట చాల కష్టము. కనుక పరిశోధకులు అది విడిచిన జాడలను వెదకుదురు. దొంగను పట్టుకొనలేక అడుగుల గుర్తులను కొలుచుట వంటిది ఈ పని. అడుగుల గుర్తులు ఎవరివో తేల్చుటలోనే చిక్కంతయు ఉన్నది.

చిరకాలము వాడుకలోనున్న పరీక్ష థయోబార్బిట్యూరిక్ ఆమ్లముతో చేయునది. క్రొవ్వు చెడినపుడు పుట్టు మలోన్‌డైఆల్డిహైడు అను పదార్థముతో ఇది గులాబిరంగు నిచ్చును. కాని రక్తములోని చక్కెర మొదలగు ఇతర పదార్థములతోను ఇది రంగు నీయగలదు. ఈ ఒక్క రంగును నమ్మి తీర్పుచెప్పిన పాత వ్యాసములు పెక్కు. 1990లో జేసన్ మారో, జాక్సన్ రాబర్ట్స్ మొదలగువారు కనుగొన్న ఎఫ్2-ఐసోప్రోస్టేనులు అను పదార్థములను కొలుచుట ఇంతకంటె నమ్మదగిన పద్ధతి.

రెండవ చిక్కు రక్తము చిక్కబడుట. దీర్ఘమైన పందెములో చెమటవలనను, నీరు రక్తనాళములనుండి కండరములలోనికి పోవుటవలనను రక్తములోని ద్రవభాగము తగ్గును. పది పాళ్ళ నీటిలో ఒక పాలు తగ్గినచో, అందులో కరిగియున్న పదార్థము ఏమియు పెరుగకున్నను, నూటికి పదకొండు వంతులు పెరిగినట్లు కనిపించును. ఈ దిద్దుబాటు చేయని ఫలితమును ఒప్పుకొనరాదు.

మూడవ చిక్కు యూరిక్ ఆమ్లము. కఠినశ్రమలో ఎ.టి.పి. విరిగినపుడు ఇది రక్తములో పెరుగును. ఇదియు ఒక ఆక్సీకరణ నిరోధకమే. ‘రక్తపు మొత్తము నిరోధశక్తి’ అను పరీక్షలో దీని వాటా పెద్దది. కనుక పందెము పిమ్మట ఆ అంకె పెరిగినచో దేహపు రక్షణ బలపడినదని సంతోషించుటకు వీలులేదు. అది శ్రమకు గుర్తు కావచ్చును.

నాలుగవది కాలము. పందెము ముగిసిన వెంటనే ఒక్కసారి రక్తము తీసి, అంకె పెరిగినది కనుక హాని జరిగినదని వ్రాయుట పరిపాటి. దీనికి సరియైన సమాధానము ఆస్ట్రియా శాస్త్రజ్ఞులనుండి వచ్చినది. నాయ్‌బౌవర్, కోనిగ్, వాగ్నర్ మొదలగువారు 42 మంది సుశిక్షితులైన ఐరన్‌మాన్ పోటీదారుల రక్తమును అయిదుమార్లు పరీక్షించిరి – పందెమునకు రెండు దినములు ముందు, ముగిసిన వెంటనే, తరువాత 1వ, 5వ, 19వ దినములలో. 2008లో ప్రకటించిన ఫలితము ఇది: పందెము ముగియగనే క్రొవ్వు, మాంసకృత్తులు ఆక్సీకరణము చెందిన గుర్తులు స్పష్టముగా పెరిగినవి. కొన్ని మరునాటికే తగ్గినవి. అయిదవ దినమునకు అన్నియు మునుపటి స్థితికి వచ్చినవి. ఒక్కసారి మాత్రమే చూచినవారికి ఇది వరద. అయిదుమార్లు చూచినవారికి వచ్చి పోయిన నీరు.

ఈ పరిశోధన ఎంత మంచిదైనను దానికిని హద్దులు కలవు. అందరును పురుషులే. అందరును ఏండ్ల తరబడి అభ్యాసము చేసినవారే. అభ్యాసము లేనివాడు ఆ పందెములో దిగినచో అయిదు దినములలో కోలుకొనునని దీనినుండి చెప్పరాదు.

రెండవ మెట్టు: పెరిగినవి హానియేనా?

నాగలి పట్టిన అరచేయి కాయలు కాయును. ఆ కాయ ఒరిపిడివలన కలిగినదే. కాని చేతిని కాపాడునదియు అదియే. ఎన్నడును నాగలి పట్టనివాడు ఒక్కనాడు సాయంత్రమువరకు దున్నినచో కాయలు కావు, బొబ్బలు లేచును. ఒరిపిడి ఒక్కటే, కొలతయు, అలవాటును వేరు. స్వేచ్ఛా రాడికల్సు విషయములో నేడు తెలిసిన సారాంశము ఇంచుమించు ఇట్టిదే.

శ్రమలో పుట్టిన రాడికల్సు కణమునకు ఒక వార్తను చేరవేయును. ఆ వార్త అందిన కణము తన రక్షక ఎంజైములను హెచ్చించుకొనును, పి.జి.సి.-1 ఆల్ఫా అను మాంసకృత్తు సహాయమున క్రొత్త మైటోకాండ్రియాను నిర్మించుకొనును. కావుననే అభ్యాసము గల ఆటగాని కండరములో సూపరాక్సైడు డిస్మ్యుటేజు, గ్లూటథయోన్ పెరాక్సిడేజు ఎక్కువగా ఉండును. అదే శ్రమ అతనిని తక్కువగా బాధించును.

ఇందులో విచిత్రమైన సంగతి యొకటి కలదు. 1982 నాటి డేవిస్ బృందము తమ వ్యాసములోనే, శ్రమలో పుట్టు రాడికల్సే క్రొత్త మైటోకాండ్రియా ఏర్పడుటకు ప్రేరణ కావచ్చునని సూచించిరి. ఆ వ్యాసమును ఉదహరించినవారు అసంఖ్యాకులు. వారిలో చాలమంది ‘రాడికల్సు పెరుగును, కణములు చెడును’ అను మొదటి సగమును ఎత్తి వ్రాసిరి. రెండవ సగమును వదలిరి. విషమను తొలిముద్ర ఎంత గట్టిదో దీనివలన తెలియుచున్నది. సగము చదివిన వ్యాసము పాతికేండ్లపాటు పూర్తి సత్యముగా చలామణి అయినది.

మూడవ మెట్టు: బిళ్ళలు కాపాడునా?

మొదటి రెండు మెట్లు నిలిచినచో మూడవది తేలికగా రుజువు కావలసినది. విటమినులు తిన్న ఆటగాండ్లలో ఆక్సీకరణ గుర్తులు తగ్గి, వారు ఎక్కువగా పరుగెత్తి, త్వరగా కోలుకొనవలెను. ప్రయోగములు ఏమి చెప్పినవో చూతము.

2004లో ఆరెగాన్ శాస్త్రజ్ఞులు 22 మంది 50 కిలోమీటర్ల పరుగు పోటీదారులను పరిశీలించిరి. కొందరికి విటమిను-సి, విటమిను-ఇ బిళ్ళలు. తక్కినవారికి చూపునకు అట్టివే ఐన ఉత్తుత్తి బిళ్ళలు. విటమినులు తిన్నవారిలో ఐసోప్రోస్టేనులు పెరుగలేదు. ఇంతవరకు వాదమునకు జయమే. కాని కండరముల హానిలోను, వాపు గుర్తులలోను రెండు జట్లకు భేదము కనబడలేదు. రాడికల్సే కండరమును చెరచుచున్నచో, వాటి గుర్తు తగ్గినపుడు హానియు తగ్గవలెను గదా!

అదే సంవత్సరము డేవిడ్ నీమన్ బృందము హవాయి దీవిలోని కోనాలో జరుగు ఐరన్‌మాన్ పోటీలో పాల్గొన్న 38 మందిపై చేసిన పరిశోధన వెలువడెను. వారిలో కొందరు రెండు నెలలపాటు దినమునకు 800 అంతర్జాతీయ యూనిట్ల విటమిను-ఇ పుచ్చుకొనిరి. పందెము పిమ్మట ఉత్తుత్తి బిళ్ళల జట్టులో ఐసోప్రోస్టేనులు నూటికి 97 పాళ్ళు పెరిగెను. విటమిను జట్టులో 181 పాళ్ళు పెరిగెను. కాపాడవలసినదే కాల్చినట్లయినది. విటమిను-ఇ రాడికల్‌ను అణచునపుడు తానే బలహీనమైన రాడికల్‌గా మారును. మోతాదు మితిమీరినపుడు అది ఎదురు పనిచేయవచ్చునని ఈ ఫలితము సూచించుచున్నది.

2009లో జర్మనీలో మైకేల్ రిస్టో బృందము ప్రకటించిన పరిశోధన ఇంకను ప్రసిద్ధి కెక్కినది. ఆరోగ్యవంతులైన యువకులు 39 మంది నాలుగు వారములు వ్యాయామము చేసిరి. కొందరికి దినమునకు 1,000 మిల్లీగ్రాముల విటమిను-సి, 400 యూనిట్ల విటమిను-ఇ ఇచ్చిరి. వ్యాయామమువలన కలుగు గొప్ప మేలు ఒకటి కలదు: ఇన్సులిన్‌కు దేహము చక్కగా లొంగి, రక్తములోని చక్కెర అదుపులో నుండును. ఈ మేలు విటమినులు తినని జట్టులో మాత్రమే కనబడెను. తిన్నవారిలో ఆ వార్త కణములను చేరకమునుపే అణగిపోయినట్లు తోచుచున్నది.

ఇచ్చట విమర్శకుడు రెండవ వైపునకును తిరిగి చూడవలెను. ఈ ఫలితములు వెలువడిన పిమ్మట ‘విటమిను బిళ్ళలు ఆటగానికి శత్రువులు’ అను క్రొత్త కేక బయలుదేరినది. ఇదియు తొందరపాటే. 2008లో స్పెయిను దేశపు గోమెజ్-కాబ్రేరా, వీన్యా మొదలగువారు విటమిను-సి ఇచ్చిన ఎలుకల ఓర్పు అభ్యాసమువలన చాల తక్కువగా పెరిగినదని చూపిరి. కాని ఎలుక తనకు కావలసిన విటమిను-సిని తానే తయారుచేసికొనును, మనుష్యుడు చేసికొనలేడు. ఎలుకలో చూచినదానిని మనుష్యునికి అంటగట్టుటకు ముందు ఆలోచింపవలెను. ఆ పరిశోధనలోనే మనుష్యులును ఉన్నారు; కాని విటమిను తిన్నవారు అయిదుగురే. అయిదుగురినిబట్టి లోకమునకు తీర్పు చెప్పరాదు.

2014లో నార్వే దేశమున గోరాన్ పాల్సెన్ బృందము 54 మంది యువతీయువకులపై 11 వారములు చేసిన ప్రయోగము ఇంకను నిదానముగా మాటాడుచున్నది. విటమిను-సి, విటమిను-ఇ తిన్నవారి కండరములలో మైటోకాండ్రియా వృద్ధికి గుర్తులైన కొన్ని మాంసకృత్తులు తక్కువగా పెరిగినవి. కాని పరుగు పరీక్షలోను, ఆమ్లజనిని వాడు శక్తిలోను రెండు జట్లును సమానముగానే బాగుపడినవి. అనగా కణములో తేడా కనబడినది; మైదానములో కనబడలేదు. ఈ రెండింటిని కలిపి చెప్పుటయే సత్యము. ఒక్కదానిని మాత్రమే చెప్పుట ప్రచారము.

కండరముల నొప్పిని గురించి 2017లో కాక్రేన్ సంస్థ 50 పరిశోధనలను, వాటిలో పాల్గొన్న 1,089 మంది ఫలితములను కలిపి పరిశీలించెను. నిరోధకములవలన కలుగు ఉపశమనము ఆటగానికి తెలియనంత స్వల్పమని తేలెను. ఐతే అదే సంస్థ 2013లో ప్రకటించిన మరియొక సమీక్షలో విటమిను-సికి అనుకూలమైన ఫలితమును కలదు. మారథాన్ పరుగుగాండ్రు, మంచుపై జారువారు, చలిప్రదేశములో కఠినశ్రమ చేయు సైనికులు – మొత్తము 598 మందితో జరిగిన అయిదు పరిశోధనలలో, క్రమముగా విటమిను-సి తిన్నవారికి జలుబు వచ్చుట సుమారు సగమునకు తగ్గెను. బిళ్ళకు ఈ గౌరవమును దక్కనీయవలెను. కాని జలుబు తగ్గుట వేరు, కండరమును రాడికల్సునుండి రక్షించుట వేరు. ఒక మేలును చూపి మరియొక మేలును అమ్మరాదు.

ఒక లోటు, ఒక మిగులు

వాదములోని అసలు పొరపాటు ఎచ్చటనున్నదో ఇప్పుడు తెలిసినది. విటమిను-ఇ లేని ఎలుక త్వరగా అలసిపోయినది. ఇది లోటు కథ. చాలినంత విటమిను ఉన్న ఆటగానికి పది ఇరువది రెట్లు ఎక్కించుట మిగులు కథ. లోటును పూడ్చుటవలన మేలు కలిగినది కనుక మిగులువలన ఇంకను మేలు కలుగునని అనుకొనుటకు ఆధారము లేదు. నీరులేక ఎండిన చేనికి తడి ప్రాణము. అదే చేను నీట మునిగినచో పైరు కుళ్ళును.

అట్లని శ్రమ యెంతైనను పరవాలేదని భావింపరాదు. అభ్యాసము లేనివాడు హఠాత్తుగా కఠినమైన పోటీకి దిగుట, విశ్రాంతి లేకుండ దినదినము పందెములు పెట్టుట, తిండి చాలని దేహముతో పరుగెత్తుట – ఇట్టి సందర్భములలో త్రాసు నిజముగానే ఒరుగును. కోలుకొనుటకు వ్యవధి లేనిచో కండరము బాగుపడక బలహీనపడును. ఆస్ట్రియా పోటీదారులకు అయిదు దినములు పట్టినది. వారు పెద్దవారు, సుశిక్షితులు. పెరుగుచున్న పిల్లలకు వరుసగా మూడుదినములు పోటీలు పెట్టునపుడు ఈ సంగతి జ్ఞాపకముంచుకొనవలెను.

పాఠశాలలో దీనిని బోధించునపుడు ‘స్వేచ్ఛా రాడికల్సు హానికరములు, నిరోధకములు మంచివి’ అని రెండు వాక్యములలో ముగించుట సులభమే. కాని అది తప్పు. అవి శ్రమవలన పుట్టును, కొంతవరకు కణమునకు మేలుకొలుపు అగును, మితిమీరినపుడు హాని చేయును, దేహము వాటిని అదుపులో పెట్టుకొనగలదు – ఈ నాలుగును కలిసినపుడే బోధ పూర్తియగును. ఆటగాండ్రకు కావలసినది బిళ్ళల డబ్బా కాదు. వారమువారము కొద్దికొద్దిగా హెచ్చించు అభ్యాసము, చాలినంత నిద్ర, పోటీకిని పోటీకిని నడుమ విశ్రాంతి, కడుపునిండ మంచి భోజనము. ఉసిరికాయ, జామపండు, మునగాకు, వేరుసెనగలు, ఆకుకూరలు – వీటిలో ఆ విటమినులే ఉన్నవి; అవి దేహమునకు తగిన కొలతలో చేరును. వైద్యుడు లోటును కనిపెట్టి ఇచ్చిన బిళ్ళ వేరు. ప్రకటన చూచి కొన్న బిళ్ళ వేరు.

ఈ వాదపు చరిత్ర విద్యార్థులకు మరియొక పాఠమును చెప్పుచున్నది. ఇందులో ప్రయోగములు చాలవరకు నిజాయితీగానే జరిగినవి. తప్పు వాటిని చదివిన తీరులో జరిగినది. పాత్రలో కొలిచిన అంకెను ప్రాణముగల కండరమునకు అంటించుట, ఒక్కసారి చూచి శాశ్వతమనుకొనుట, లోటును మిగులుగా తలక్రిందులు చేయుట, వ్యాసములో సగమును చదివి సగమును వదలుట – ఈ నాలుగు పొరపాట్లు ఆటల శాస్త్రములోనే కాదు, ఏ శాస్త్రములోనైనను జరుగవచ్చును. పందెము ముగిసినంతనే ఆటగాని రక్తములో కనబడు గుర్తును చూచి భయపడుటకు ముందు, అయిదవ దినమున అది ఏమైనదో అడుగవలెను. ఆ ప్రశ్న వేయుటకు ప్రయోగశాల అక్కరలేదు. తరగతిలోని విద్యార్థియు వేయగలడు.